మందులమ్మకు అర్థం కాని ఆరు లైన్లు

నలభై లైన్ల కోడ్‌ను ఆరు లైన్లకు కుదించానని కత్తెర చంకలు గుద్దుకుంటుంటే, మందులమ్మకు ఒళ్లు మండిపోయింది.

పసిపిల్లల నరంలోకి చుక్కచుక్కగా మందు ఎక్కించే పంపులు తయారుచేసే కంపెనీ అది. ఎంత మందు ఎక్కాలో లెక్కగట్టే కోడ్‌ను ప్రోగ్రామర్లు రాస్తారు. ప్రోగ్రామింగ్ రాని మనిషి ఒకరు దాన్ని చదివి, అర్థమైతేనే సంతకం పెట్టాలి. మొదటినుంచీ అక్కడున్న పద్ధతి అది. ఆ మనిషే మందులమ్మ. ఇరవై ఏళ్లు ఆస్పత్రి మందుల గదిలో పనిచేసి ఇక్కడికొచ్చింది, ఇంకో రెండేళ్లలో రిటైరవుతుంది. ఇక కత్తెర ప్రోగ్రామర్లకు పెద్ద. ఏ కోడ్ కనబడినా కత్తిరించనిదే అతనికి ముద్ద దిగదు, అందుకే ఆ పేరు.

"ఇదేంటి నాయనా? బాణాలూ ప్రశ్నార్థకాలూ తప్ప ఒక్క మాటైనా కనబడదే!"

"మేం కోడ్ రాసే భాషకి కొత్త వెర్షన్ వచ్చింది మేడమ్. ఈ సదుపాయాలన్నీ అందులోవే. ఎంత శుభ్రంగా ఉందో చూడండి."

"శుభ్రంగానే ఉంది, ఇల్లు ఖాళీ చేసినట్టు. 'బరువు రాయకపోతే ఆగు, నర్సుని పిలువు' అని ఉండేది. అదేదీ?"

"ఇదిగో," అంటూ పక్కపక్కనున్న రెండు ప్రశ్నార్థకాల మీద వేలు పెట్టాడు కత్తెర.

ఆమె కళ్లజోడు సవరించుకుంది. ఎంత చూసినా వాటిలో నర్సు కనబడలేదు.

కొత్తదంటే ఆమెకు పడదనుకుంటే పొరపాటే. పోయిన నెల ఇదే కత్తెర, మిల్లీగ్రాములను మైక్రోగ్రాములతో కలిపేస్తే కోడ్ అసలు నడవనే నడవని సదుపాయం తెచ్చినప్పుడు, సంతోషం పట్టలేక అందరికీ కాఫీలు తెప్పించింది. ఆస్పత్రిలో ఉండగా, ఆ రెండూ తారుమారై ఒక పసికందు పోవడం ఆమె తన కళ్లతో చూసింది మరి. ఆ రోజు వార్డులో చెడ్డవాళ్లెవరూ లేరు. చీటీ మీది రాత అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడ్డారు, అంతే. ఆనాటి నుంచీ ఆమెకు మొహమాటమంటే అసహ్యం.

మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేస్తే సంగతంతా చెప్పింది.

"రెండేళ్లలో ఇంటికొచ్చేదానివి, నీకెందుకే అక్కా ఈ గొడవ? పెట్టెయ్ సంతకం."

"ససేమిరా పెట్టను."

"మొండిఘటం!" అని చెల్లెలు ఫోన్ పెట్టేసింది.

ఆ వెంటనే డైరెక్టర్ తన గదికి పిలిపించాడు. అప్పటికే కత్తెర అక్కడున్నాడు.

"పన్నెండు వందల టెస్టులు పాసయ్యాయమ్మా. ఇంతకీ ఇందులో తప్పేమైనా ఉందా?"

"తప్పుందని నేననలేదు సార్. నాకు అర్థం కాలేదంటున్నాను."

"సోమవారం పంపులు ఆస్పత్రులకి వెళ్లాలి. మీరు పెట్టనంటే ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టాల్సొస్తుంది."

ఆమె గొంతు తగ్గలేదు.

"కూర్చోబెట్టండి. అర్థం కానిదాన్ని అర్థమైందని మాత్రం నా చేత రాయించలేరు."

డైరెక్టర్ విసుక్కుంటూ కాగితాన్ని కత్తెర ముందుకు తోశాడు. "పద్ధతి సంగతి తర్వాత చూద్దాం. రాసింది నువ్వేగా, ఈసారికి నువ్వే పెట్టు."

కత్తెర హుషారుగా పెన్ను అందుకున్నాడు. సంతకం పైన ఒకే వాక్యం ఉంది: 'ప్రతి లైనూ చదివాను, అర్థమైంది, ఈ మందు నా బిడ్డకైనా ఎక్కించనిస్తాను.' కత్తెరకు ఇంట్లో నాలుగు నెలల పాప ఉంది. వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత లాప్‌టాప్ వైపు తిరిగి, తన ఆరు లైన్లూ మొదటినుంచి చదవసాగాడు. నాలుగో లైను దగ్గర పెదవులు ఆగిపోయాయి. మళ్లీ మొదటికొచ్చాడు. మళ్లీ అక్కడే ఆగాడు.

"ఏంటయ్యా, నువ్వు రాసిందేగా?"

"రాసింది మూడు వారాల కింద సార్," అని నీళ్లు నమిలాడు కత్తెర. "అప్పుడైతే అర్థమైంది."

మందులమ్మ ఆ కాగితాన్ని కత్తెర చేతిలోంచి లాగేసుకుంది.

"లే నాయనా, పోయి నలభై లైన్లూ మళ్లీ రాద్దాం. నీకు నచ్చిన కొత్తవి ఎన్నైనా పెట్టుకో, నాకు చదివి చెప్పగలిగినవైతే చాలు."

"మరి సోమవారం సంగతి?" అన్నాడు డైరెక్టర్.

"సోమవారం ఆగుతుంది సార్," అంది ఆమె తలుపు తీస్తూ. "ఒంట్లోకి ఎక్కిన మందుని వెనక్కి తియ్యలేం."