పదకొండో నెంబరు

ఢిల్లీ సాకేత్‌లో భీమేశ్వరరావు ఫ్లాట్‌లో నెలకొక ఆదివారం ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న తెలుగువాళ్లు పది మంది దాకా చేరతారు. సగం మంది ప్రభుత్వోద్యోగులు, సగం మంది గుర్గావ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలవాళ్లు. భోజనం బేర్ సరాయ్‌లో మెస్ నడిపే దశరథ్ పంపిస్తాడు. అతనూ ఫుట్‌బాల్ అభిమానే. వాట్సాప్ గ్రూపులో ఉన్నాడు గానీ ఒక్క మాట రాయడు, మీటింగులకు రాడు. అరవై దాటిన మనిషి, మధ్యాహ్నం గిన్నెల దగ్గర తీరిక ఉండదులే అనుకునేవాళ్లు అందరూ.

పాత రేడియో కామెంటేటర్ల జ్ఞాపకాలు రికార్డు చేద్దామన్న ఆలోచన భీమేశ్వరరావుదే. వచ్చే ఏడు అండర్ సెక్రటరీగా రిటైరవుతున్నాడు. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు. అతనికి కామెంటేటర్ అంటే ఒక్కడే, రఘువీర్. లోకల్ లీగ్ మ్యాచ్‌లకు టికెట్ కొనలేని పిల్లలంతా పక్కింటి రేడియో ముందు కూర్చుని ఆ గొంతులోనే ఆట చూశారు.

రఘువీర్ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన భార్య లలితకుమారి తమ కాలనీలోనే మనవరాలి దగ్గర ఉంటోందని భీమేశ్వరరావు భార్య కమల ఒకరోజు పార్కు నుంచి వచ్చి చెప్పింది. ఆ సాయంత్రమే అతను వెళ్లి లలితకుమారిని మీటింగుకు పిలిచాడు. గ్రూపులో ఆ విషయం పెట్టాడు. పది నిమిషాల్లో దశరథ్ ఫోన్ చేశాడు.

“సార్, ఈసారి అన్నం నేనే తీస్కొని వస్త.”

“మంచిది దశరథ్. నువ్వూ రఘువీర్ అభిమానివా?”

“వస్త సార్,” అని పెట్టేశాడు.

ఆదివారం లలితకుమారిని మనవరాలు సాత్విక చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. డెబ్భై ఏడేళ్ల మనిషి, తెల్లటి నేత చీర, పక్కన చేతికర్ర. హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. కమల ఆమెకు కిటికీ పక్కన కుర్చీ వేసింది. సాత్విక ఫోన్ స్టూలు మీద పెట్టి రికార్డింగ్ ఆన్ చేసింది. వంటింటి గుమ్మం దగ్గర దశరథ్ పులిహోర గిన్నె కింద పెట్టి, అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఒకరిద్దరు మాట్లాడాక భీమేశ్వరరావు వంతు వచ్చింది. అతను లేచి, ఎనభై నాలుగు దక్కన్ షీల్డ్ ఫైనల్ అన్నాడు. వర్షం, మోకాలి లోతు బురద, చివరి నిమిషం. ఆ తర్వాత కళ్లు మూసుకుని రఘువీర్ గొంతు ఎత్తుకున్నాడు.

“బంతి కార్నర్ నుంచి లేచింది. గుంపులో పది తలలు. ఎవరికీ అందలేదు, బురదలో పడింది, విన్సెంట్, ఏడో నెంబర్ విన్సెంట్, ఎడమ కాలితో...”

నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలో, ఆఫీసు పార్టీల్లో అతను చెప్పే ముక్క అది. ఇంట్లో కమలకు కూడా కంఠతా వచ్చు. పూర్తయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు.

లలితకుమారి కొట్టలేదు. చప్పట్లు ఆగేదాకా ఉండి, “అది అబద్ధం బాబూ,” అంది.

భీమేశ్వరరావు ఇంకా నవ్వు ముఖంతోనే ఉన్నాడు. “ఏదండీ?”

“ఆ గోల్ విన్సెంట్ కొట్టలేదు. కాలితోనూ కాదు. తలతో.”

ఎవరో చిన్నగా దగ్గారు. సాత్విక, “నానీ, కోయీ బాత్ నహీ, పర్లేదులే, రెస్ట్ తీసుకో,” అంటూ ఫోన్ అందుకోబోయింది. ముసలావిడ ఆ చెయ్యి పక్కకు జరిపింది.

“ఉండనీ. ఆయనకు అప్పటికి రెండేళ్లుగా చూపు లేదు. ముందు మసక, తర్వాత వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. స్కోర్ రాసేది నేనే అని చెప్పి కామెంటరీ బాక్స్‌లో పక్కన కూర్చునేదాన్ని. బంతి ఎక్కడుందో, ఏ నెంబర్ దగ్గరుందో చెవిలో చెప్పేదాన్ని. మిగతాదంతా ఆయనే అల్లుకునేవాడు. ఒక్కొక్కడి నడక, దెబ్బ, అన్నీ పాత చూపులోంచి తీసి చెప్పేవాడు. ఎవరికీ తెలియలేదు. తెలిస్తే ఆ పని పోతుంది. ఆ పని పోతే ఆయన బతకడు.”

భీమేశ్వరరావు కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపి తడుముకుంటూ కూర్చున్నాడు. ఆ గొంతులో అతను చూసిన ఎన్నో మ్యాచ్‌లు, చెప్పినవాడే చూడనివి.

“ఆ రోజు బురదలో నెంబర్లు కనపడలేదు,” అంది ఆమె. “ఎవరు, ఎవరు అని ఆయన మోకాలితో పొడుస్తున్నాడు. ఏడు అన్నాను. ఆయన మొదలుపెట్టేశాడు. ఇంతలో టీమ్ పిల్లలంతా కలిసి ఒకణ్ణి భుజాల మీదికి ఎత్తారు. వాడి వీపు మీద పదకొండు. మర్నాడు పేపర్‌వాళ్లు కూడా రేడియోలో విన్నదే రాశారు. ఆ పేపర్ ఆయనకు చదివి వినిపించింది నేనే. తప్పు చెప్పానని అప్పుడు కూడా అనలేదు.”

“పదకొండు ఎవరండీ?” అన్నాడు ఉదయ్‌కిరణ్, గుర్గావ్ కుర్రాడు.

“నేను,” అన్నాడు దశరథ్.

అందరూ గుమ్మం వైపు తిరిగారు. అతను భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకుంటున్నాడు.

“స్పోర్ట్స్ కోటాల ఒక్క పోస్టు ఉండె. నాకో, విన్సెంట్‌కో. సెలక్షన్ ఆఫీసర్ ఆ రోజు గ్రౌండ్‌కు రాలే, రేడియో విన్నడు. విన్సెంట్ మంచోడు, నేను కొట్టలే సార్ అని పోయి చెప్పిండు. వాళ్లు నవ్వి, పెద్ద మనసురా నీది అన్నరు. నాకు అప్పుడు ఇరవై ఏండ్లు. మా మామ ఢిల్లీల ఒక క్యాంటీన్ల ఉండె, అండ్లకు వచ్చిన.” అతను లలితకుమారి వైపు చూశాడు. “రఘువీర్ సాబ్ పైసలు తిన్నడని అనుకున్న. ఊరు విడిచే ముందు కొట్టనీకి మీ ఇంటికి వచ్చిన.”

ఆమె తల దించుకుంది. “తెలుసు.”

“గేటు కాడ నిలబడ్డడు. నా మొఖంల మొఖం పెట్టి, ఎవరు బాబూ నువ్వు అన్నడు. మొన్ననే షీల్డ్ ఎత్తినోన్ని పట్టుకొని ఎవరు నువ్వు అంటడా అని నాకు ఒళ్లు మండింది. గాయనకు...” దశరథ్ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. “గాయనకు కండ్లు కనపడవా అమ్మా?”

“కనపడవు. నువ్వెవరో నాకు మాత్రం తెలిసింది. కరెంటు మీటర్ రీడింగ్ అబ్బాయి అని ఆయనకు చెప్పి, లోపలికి తీసుకెళ్లి తలుపేశాను. నిన్ను చూసే వేశాను బాబూ.”

కమల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దశరథ్ ఒకసారి హాలంతా చూశాడు, ఆ మనుషులూ ఆ ఇల్లూ కొత్తగా ఉన్నట్టు. తర్వాత చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ రోజు ఎవరూ పులిహోర ముట్టలేదు.

మర్నాడు భీమేశ్వరరావు ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి బేర్ సరాయ్ వెళ్లాడు. ఇరుకు సందులో పుస్తకాల షాపు పైన మెస్. సివిల్స్‌కు చదివే పిల్లలు బల్లల మీద పుస్తకాలు పెట్టుకునే తింటున్నారు. దశరథ్ సాంబారు వడ్డిస్తున్నాడు. వంటవాడికి గరిటె ఇచ్చి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నలభై ఏండ్లు తిట్టిన సార్. పొయ్యి ముట్టించినప్పుడల్లా తిట్టిన. బిడ్డ పెండ్లి నాడు సుత తిట్టిన. కండ్లు లేనోన్ని.”

“తప్పు నీది కాదు కదా దశరథ్.”

“మరి ఆ తిట్లన్నీ యాడికి పోతయి?”

భీమేశ్వరరావు జేబులో చెయ్యి పెట్టాడు. తెచ్చిన కాగితం తీసి ముందు పెట్టాడు. ఫుట్‌బాల్ సంఘానికి ఉత్తరం. ఆ గోల్ ఎవరిదో సరిచేయమని లలితకుమారి స్వదస్తూరీతో రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. రికార్డింగ్ కూడా గ్రూపులో పెట్టమంది, తన మాట ఒక్కటీ తీసెయ్యొద్దని.

దశరథ్ చదివాడు. రెండుసార్లు చదివాడు.

“ఆమెను మాఫ్ చేసిన అని చెప్పమంటే నాతోని కాదు సార్,” అన్నాడు చివరికి. “గాయనైతే చూడలే. ఆమె చూసింది.”

“చెప్పమని నేను అడగలేదు.”

“ఇది పంపుండ్రి. మా ఆవిడకు చూపించనీకి ఒక జిరాక్స్ ఇయ్యుండ్రి.”

ఉత్తరం పోస్టు చేశారు. సంఘం నుంచి జవాబు ఇప్పటిదాకా రాలేదు. భీమేశ్వరరావు ఆ తర్వాత ఎవరడిగినా రఘువీర్ గొంతు ఎత్తుకోలేదు. ఒకరోజు స్నానాల గదిలో అలవాటుగా మొదలుపెట్టి, సగంలో ఆపేసి, నీళ్ల చప్పుడు వింటూ నిలబడిపోయానని కమలతో చెప్పాడు.

మూడు వారాల తర్వాత, పిల్లల ప్రిలిమ్స్ అయిపోయి మెస్ ఖాళీ అయిన మధ్యాహ్నం, దశరథ్ చెప్పాపెట్టకుండా సాత్విక వాళ్లింటికి వెళ్లాడు. సాత్విక తలుపు తీసింది. లోపలి నుంచి ఎవరమ్మా అన్న లలితకుమారి గొంతు వినబడింది.

“దశరథ్‌ని అమ్మా,” అన్నాడతను.

చేతికర్ర కోసం వెతుక్కోకుండానే ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడింది. అతను గుమ్మం బయటే కాసేపు ఆగాడు. తర్వాత లోపలికి వచ్చాడు.

“కూసో అమ్మా, పడ్తవు,” అని ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తనూ ఎదురుగా కూర్చున్నాడు. సాత్విక టీ పెట్టి తెచ్చేసరికి ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. లేచి వెళ్లిపోవడమూ లేదు.