లక్ష్మయ్య మాట మరునాటికి

ఆళ్లగడ్డ బజారులో లక్ష్మయ్య అంగడి తెల్లవారగానే తెరుచుకునేది. గడప కడిగి, తక్కెడకు దండం పెట్టుకొని, చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు ముందర సర్దుకునేవాడు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడాది అది. రైతులు ఈ రోజు వచ్చి బెల్లం ధర అడిగిపోయేవాళ్లు. రేపు అదే పొద్దుకు చేన్లోనో బావికాడో జవాబు వినుకొని, ఆ మర్నాడు దుడ్లు తెచ్చి బెల్లం తీసుకుపోయేవాళ్లు. లక్ష్మయ్య ఎవరితో ఏం మాట్లాడినా ఆ మాట వాళ్లు యాడున్నా మరుసటి రోజే వాళ్ల చెవిన పడేది. మాట్లాడేటప్పుడు పెదవులు కదలడమే కనబడేది. చిన్నప్పటి నుంచీ అంతే. కూరలో ఉప్పు తక్కువైందన్న మాట మరునాడు అన్నం వేళకు భార్య మహానందమ్మకు వినిపించేది. "అది నిన్నటి కూర, ఈ పొద్దుటిది తినండి" అని ఆమె వడ్డించేది.

అంగడి సంగతులన్నీ మహానందమ్మకు తెలుసు, ఇన్‌కంటాక్సు సంగతి తప్ప. అది సుందరరాజు చూసేవాడు. లక్ష్మయ్యా అతనూ ఒకే బడిలో చదువుకున్నారు. ఇప్పుడతనికి నంద్యాలలో పత్తి వ్యాపారం, ఒక మిల్లు. ఇంగ్లీషు వచ్చు. ఏటా కాగితాలు పట్టుకొని ఆళ్లగడ్డకు వచ్చేవాడు, భోజనం చేసేవాడు, "ఈడ పెట్టప్పా, ఆడ పెట్టు" అని వేలు చూపించేవాడు. లక్ష్మయ్య సంతకాలు పెట్టేవాడు. ఏం రాసిందో అడిగేవాడు కాదు.

ఆ ఏడు నోటీసు వచ్చింది. కర్నూలు నుంచి ఆఫీసరు నంద్యాల బంగళాకు వస్తాడట, లక్ష్మయ్య హాజరు కావాలట. సుందరరాజు ముందురోజే వచ్చి ధైర్యం చెప్పినాడు.

"ఏం భయంల్యా లక్ష్మయ్యా. ఊరికే అడుగుతారు. ఆయన ఏమడిగినా అవునను. అంతే. మిగతాది నేను చూసుకుంటా."

లక్ష్మయ్య అతని చేతిలో చెయ్యి వేసి మాటిచ్చినాడు.

భార్యాభర్తలు పొద్దున బస్సుకు నంద్యాల పోయినారు. బంగళాకు సుందరరాజూ వచ్చినాడు. ఆఫీసరు పేరు పరంజ్యోతి. సన్నగా, ఓపికగా ఉన్నాడు. మహానందమ్మ వాకిలి దగ్గర నిలబడింది.

"రెండేళ్లుగా మీ పేరు మీద పెద్ద ఎత్తున పత్తి కొన్నారు, అమ్మారు. ఆ లాభం లెక్కలో చూపలేదు" అన్నాడు ఆఫీసరు. "పన్నూ, జుల్మానా కలిపి కట్టాల్సి ఉంటుంది. ఈ వ్యాపారం మీదేనా?"

లక్ష్మయ్య ఆఫీసరును చూడలేదు. పక్కనున్న సుందరరాజును చూసినాడు. సుందరరాజు కాగితాలు సర్దుకుంటూ ఉన్నాడు.

"ఆయనదే సార్" అన్నాడు తల ఎత్తకుండానే. "పల్లెటూరి మనిషి, తెలియక దాచినాడు. నేను వద్దని చెప్తానే ఉన్నా."

మహానందమ్మ మనసులో లెక్క వేసుకుంది. అంగడి అమ్మినా తీరని సొమ్ము అది. అంతకంటే బాధ, నిన్ననే ఆ మనిషి తన చేతి అన్నం తిని, మజ్జిగ కూడా అడిగి పోయించుకున్నాడు.

లక్ష్మయ్య అప్పుడు ఆఫీసరు వైపు తిరిగి పెదవులు కదిపినాడు. చాలాసేపు కదిపినాడు. తల మాత్రం అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. సుందరరాజు ముందర ఊపడానికి మనసొప్పలేదేమో.

"అవునంటాండాడు సార్" అన్నాడు సుందరరాజు.

"ఈయన మాట సంగతి విన్నాను. రేపు కర్నూలులో వింటాను కదా. విన్నాకే ఆర్డరు రాస్తాను" అని పరంజ్యోతి ఫైలు మూసినాడు.

బయట వేపచెట్టు కింద సుందరరాజు లక్ష్మయ్య మోచెయ్యి పట్టుకున్నాడు. "అవుననే చెప్పినావు కదప్పా? మాటిచ్చినావు నాకు."

లక్ష్మయ్య పెదవులు కదల్లేదు.

"ఇంత మోసం చేస్తావా అన్నా?" అంది మహానందమ్మ.

"మోసమేందమ్మా! నా మీద వాళ్లకు ముందే కన్నుంది. నా పేరుతో కొనుంటే మిల్లు మూతబడేది. లక్ష్మయ్యనైతే ఎవరు అనుమానిస్తారు? తర్వాత నేనే సర్దుదామనుకున్నా."

"ఆయన్ను ఎవరూ అనుమానించరనే కదా నువ్వు ఎంచుకుంది" అంది ఆమె.

సాయంత్రం బస్సులో ఆమె మొగుణ్ణి అడిగింది. "ఏమని చెప్పినారు ఆయప్పతో? అవునన్నారా?"

లక్ష్మయ్య కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. శిరివెళ్ల దాటేదాకా ఏదో చెప్తూనే ఉన్నాడు. ఆమెకు అతని చెంప మాత్రమే కనబడింది, గాలికి ఎగిరే పైగుడ్డ కనబడింది.

మర్నాడు కర్నూలులో పరంజ్యోతి ఫైలు ముందర పెట్టుకొని కూర్చున్నాడు. నిన్నటి వేళకు లక్ష్మయ్య మాట వచ్చింది.

"అయ్యా, నేను పత్తి గింజ కూడా తూకం వెయ్యలేదు. సంతకాలు నావే. సుందరరాజు పెట్టమన్నాడు, పెట్టినా. లోపల రాసిండేది ఈ పొద్దే తెలిసింది. అవునని చెప్తానని వానికి మాటిచ్చినా. నాకు నోరు రాలేదు. తప్పు నాదీ ఉంది, చదివించుకోకుండా పెట్టడం. దానికి ఏం వేసినా కడతా. వాణ్ణి జైల్లో మాత్రం పెట్టొద్దండి."

పరంజ్యోతి రాయబోయిన ఆర్డరు పక్కన పెట్టి, సుందరరాజుకు నోటీసు రాసినాడు. కొన్ని నెలల విచారణ తర్వాత ఆ పత్తంతా సుందరరాజు లెక్కలోకే ఎక్కింది. లక్ష్మయ్య అంగడి నిలబడింది.

మాట కర్నూలు చేరిన ఆ రోజు సుందరరాజు మాత్రం మిల్లుకు పోకుండా ఇంట్లోనే కూర్చున్నాడు. వేపచెట్టు కింద తన ప్రశ్నకు జవాబు వస్తుందని చూసినాడు. తిట్టినా సరేననుకున్నాడు. ఏమీ రాలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ రాలేదు.

అదే రోజు ఆళ్లగడ్డలో దీపాల వేళకు మహానందమ్మ పొయ్యి ముందర ఉండగా బస్సులోని మాట మొదలైంది. ఆఫీసరు ఊసే లేదు అందులో.

"నాకు కలరా వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లే దూరం జరిగినారు మహానందీ. వాడే నా మంచం పక్కన కూర్చున్నాడు. గంజి తాపినాడు. నా బట్టలు వాడే ఉతికినాడు. తనకు ఇబ్బందని చెప్పుంటే అంగడి నేనే రాసిచ్చేవాణ్ణి గదా. అడగొచ్చు గదా వాడు. అడగొచ్చు గదా..."

అక్కడ మాట ఆగిపోయింది. దాని వెనకాలే ఏడుపు వచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి ఏడుపు ఆమె ఎరగదు. అది కూడా మరునాడే వస్తుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆమె కట్టెలు వెనక్కి లాగి ముందరింట్లోకి వచ్చింది. లక్ష్మయ్య లాంతరు వెలుగులో ఎవరికో చింతపండు తూకం వేస్తున్నాడు. ముల్లు నిలిచేదాకా చూసి, ఇంకొంచెం పైన వేసినాడు. మహానందమ్మ చెవి నిండా అతని ఏడుపు మోగుతుండగానే పోయి పక్కన కూర్చుంది.