ఫ్లాస్కు కడిగిన తీరు

“ఆ యాసిడ్డు కంట్లో పడితే ఎట్టా మే? చూపు పోతే ఏం చేస్తావు?”

నా కూతురు షమా చెప్పులు వేసుకుంటూ నవ్వింది. “అమ్మా, దాంట్లో దాదాపు అంతా నీళ్ళే. నీ నిమ్మకాయ ఊరగాయే అంతకంటే ఘాటు.”

కోవూరు నుంచి రోజూ పెన్న దాటి నెల్లూరు కాలేజీకి పోతుంది. డిగ్రీలో కెమిస్ట్రీ. నేను ఏడో తరగతితో ఆపినదాన్ని. ల్యాబు అంటే నాకు కాలిన చేతులే గుర్తొస్తాయి.

ఆ వారం వచ్చిన కష్టం మాత్రం వేరు. సోడా ద్రావణం ఎంత గాఢంగా ఉందో కొలిచి చెప్పాలట. ఇరవై మిల్లీలీటర్లు ఫ్లాస్కులో పోసి, రంగు మారేదాకా బ్యూరెట్టు అనే గీతల గాజు గొట్టం నుంచి చుక్కచుక్కగా యాసిడ్డు వదలాలి. ఎంత పట్టిందో దాన్నిబట్టి లెక్క. షమాకు మూడుసార్లూ ఎక్కువే పట్టింది, అదీ ఒక్కోసారి ఒక్కో తీరుగా. శుక్రవారం కూడా తప్పితే రికార్డు మీద సంతకం పెట్టనని రేవతి మేడమ్ చెప్పేసింది. సంతకం లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు. ఏడాది పోతే మళ్ళీ కాలేజీ గడప తొక్కనని షమా అప్పటికే అనేసింది.

గురువారం మధ్యాహ్నం వంటింట్లో గాజు గ్లాసు, వంటసోడా కలిపిన నీళ్ళు పెట్టుకుని చేయి అలవాటు చేసుకుంటోంది. నేను పక్కనే చేపలు తోముతున్నాను. గ్లాసును నీళ్ళతో కడిగింది. తర్వాత సోడా నీళ్ళే కొంచెం పోసి, తిప్పి, ఒంపేసింది.

“మళ్ళీ ఎందుకు కడిగినావు?”

“నువ్వు నేర్పిందే గదా, అత్తరు సీసాకి.”

మాది అత్తరు వ్యాపారం. సీసాలో ఏ అత్తరు నింపుతామో ముందు అదే ఒక చుక్క వేసి, తిప్పి, ఒంపేస్తాం. పాత వాసన కలవకుండా. చిన్నప్పుడే దానికి నేను నేర్పిన పని. చేతిలో చేప వదిలేసి గ్లాసు దగ్గరికి వచ్చాను.

“ఒంపినా గోడలకి కొంచెం అంటుకోనే ఉంటది గదా మే. నువ్వు కొలిచి పోసే ఇరవైతో అదీ కలవదా?”

“బ్యూరెట్టు, కొలిచి పోసే పిపెట్టు అట్టానే కడగమన్నారు,” అని గ్లాసు వంక చూసింది. “ఫ్లాస్కు మాత్రం ఉత్త నీళ్ళతోనే...” అంటూ గ్లాసు మళ్ళీ కడిగింది.

శుక్రవారం నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఏ ఆసుపత్రిలో ఉందో అనుకున్నాను. సాయంత్రం వచ్చింది, కళ్ళు రెండూ బాగానే ఉన్నాయి.

“మేడమ్ సంతకం పెట్టిందా?”

బ్యాగు కింద పెట్టింది. ముఖం కడుక్కుంది. అన్నం పెడితే తిన్నది. మళ్ళీ అడిగాను. కంచం కడిగి బోర్లించింది. మసీదులో అజాన్ మొదలై, ముగిసింది.

“పెట్టింది,” అన్నది చివరికి. “ఇన్నాళ్ళు ఎందుకు తప్పిందని అడిగితే అత్తరు సంగతి చెప్పినా. క్లాసంతా నవ్వినారు.”