కంపు కొడుతుందా?

ఆ కన్సల్టెన్సీ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా లెక్కలు కట్టి నివేదిక రాసేది అతను, నలుగురిలో నిలబడి చెప్పేది ఇంకొకరు. పైపు ఎంత లావుండాలి, వానాకాలంలో కాలువ ఎంత నీరు మోస్తుంది, అన్నీ అతని చేతి మీదుగానే తేలేవి. నోరు విప్పితే మాత్రం నత్తి. అందులోనూ ‘మ’ దగ్గర మాట మొండికేసేది. మురుగునీటి ఇంజనీరుకి ‘మ’ పలక్కపోతే ఎలాగని అతనే నవ్వేవాడు, అదీ భార్య దగ్గర మాత్రమే.

ఆ ఎండాకాలం, చెప్పే మనిషి వేరే కంపెనీకి మారిపోయాడు. పది రోజుల్లో కాలనీవాళ్లతో సమావేశం ఉంది. వాళ్ల ఇళ్ల వెనకే మురుగునీటి శుద్ధి కేంద్రం రాబోతోంది. ఆఫీసు నడిపే మేడమ్ అతన్ని పిలిచారు.

“ఈసారి నువ్వే చెప్పాలి.”

“నా వ-వల్ల కాదండీ.”

“ఆ డ్రాయింగులో ప్రతి గీతా నీది. ఇంకొకరు చెబితే పాఠం అప్పజెప్పినట్టుంటుంది. ఎంతసేపు పట్టినా పర్లేదు.”

ఇంటికొచ్చేసరికి భార్య కుట్టు మిషను ఆపి అతని మొహం చూసింది. సంగతి విని, “అంతేనా? రేపట్నుంచి నేనూ అమ్మా కాలనీవాళ్లం. మాకు చెప్పండి” అంది.

అత్తగారు ముప్పై ఏళ్లు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసి, డాక్టర్లని సైతం గడగడలాడించిన మనిషి. మర్నాడు సాయంత్రం హాలు మధ్యలో కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నారు.

అతను కాగితం తీసి చదివాడు. “దుర్గంధ తీవ్రత అ-అనుమతించిన పరిమితికి లోబడి...”

“అల్లుడుగారూ, ఆ భాష నాకు రాదు. కంపు కొడుతుందా, కొట్టదా?”

అతను కాగితం కిందికి దించాడు. “కొ-కొడుతుంది అత్తయ్యా. వానాకాలంలో, గాలి తిరిగిన రోజుల్లో. ఆఖరి వరస ఇళ్లకి.”

“మరి ఆ ముక్క చెప్పడానికి ఇంత డొంకతిరుగుడెందుకు?”

ఆవిడ మామూలుగానే అన్నారు, కానీ అతనికి ఎక్కడో తగిలింది. ఇన్నాళ్లూ నత్తినొక్కదాన్నే దాచుకుంటున్నానని అనుకున్నాడు. పెద్దపెద్ద మాటల వెనక ఆ ఆఖరి వరసనీ దాచాడు. మర్నాడు ఆఫీసులో డ్రాయింగు మళ్లీ పరిచి కూర్చున్నాడు. మూడో రోజుకి ఒక దారి దొరికింది. మేడమ్ చూసి, “అడిగితే ఇదే చెప్పు” అన్నారు.

సమావేశం మధ్యాహ్నం, బడి హాల్లో. భార్యా అత్తగారూ వెనక బెంచీలో కూర్చున్నారు. మొదటి ‘మ’ దగ్గరే అతను ఆగిపోతే ఎవరో కిసుక్కుమన్నారు. చెవులు వేడెక్కాయి. అయినా కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తనకొచ్చిన మాటల్లోనే చెప్పుకుపోయాడు. చంటిబిడ్డని ఎత్తుకున్న ఒకామె లేచింది.

“మాది ఆఖరి వరస. వాసనొస్తుందా?”

“వ-వస్తుందమ్మా. వానాకాలంలో ఇరవై రోజుల దాకా.”

హాలంతా గోల. “ముందొచ్చినాయన అస్సలు రాదన్నాడే!” అని ఎవరో కేకేశారు. పక్కనున్న మున్సిపల్ అధికారి అతనివైపు కొరకొరా చూశాడు. గోల సద్దుమణిగేదాకా అతను ఆగాడు.

“రాకుండా చెయ్యొచ్చు. బురద ఆరబెట్టే మ... మ...”

మాట రాలేదు. వెనక బెంచీలో అత్తగారి పెదాలు కదిలాయి. అందించేస్తారేమోనని భార్య తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. హాలు హాలంతా ఆగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. బిడ్డ తల్లి, “నెమ్మదిగా చెప్పండి సార్, వింటున్నాం” అంది.

“మడులు” అన్నాడతను. “వాటిని పంపుహౌస్ అవతలికి మార్చాలి. పైపు రెండొందల మీటర్లు పెరుగుతుంది. లెక్క కట్టాను.”

అధికారి ఆలస్యమవుతుందని గొణిగాడు. కాలనీవాళ్లు పట్టు వదల్లేదు. నెలన్నర తర్వాత డ్రాయింగులో మడులు అవతలికి మారాయి. అడ్డంగా చెట్లు కూడా నాటమని అడిగారు గానీ, అది మాత్రం జరగలేదు.

సమావేశం జరిగిన ఆ సాయంత్రమే ముగ్గురూ ఒకే ఆటోలో ఇంటికొస్తున్నారు. అత్తగారు కాస్త అలిగినట్టు, “నా ప్రశ్న ఆ పిల్ల అడిగేసింది” అన్నారు. అతను పగలబడి నవ్వాడు. తర్వాత, “వచ్చే నెల ఇంకో ఊళ్లో సమావేశం ఉంది అత్తయ్యా. నేనే చెబుతానన్నాను” అన్నాడు.

ఆవిడ అతని చొక్కా కాలరు వెనక మడత పడి ఉంటే సరిచేసి, బయటికి చూస్తూ కూర్చున్నారు.