వాసానికి కట్టిన గుమ్మడికాయ

నాంచారి పిన్ని వేలు పెట్టగానే నా ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ లేస్తుంది. గడ్డ పిన్నిదే. ఎక్కడ నొప్పి అని డాక్టరు గారు అడిగారు, ఆమె నా మీద చూపించింది. మా ఊళ్లో ఆడవాళ్లు ఇంతే. చెప్పుకోలేని చోటుని తోడొచ్చినవాళ్ల ఒంటి మీద చూపిస్తారు.

డాక్టరు గారు నా ఓణీ వైపు చూసి, "రొమ్ములో గడ్డ. రొమ్ము తీసేయాలి" అంటారు.

పిన్ని ఒళ్లో పాప పాల కోసం తడుముకుంటోంది.

"తీసేత్తే ఇదేం తాగుద్దండీ?"

"రెండోది ఉందిగా."

"అది అలిగిందండీ. ఇది పుట్టిన కాడ్నించీ దాంట్లో చుక్క లేదు."

డాక్టరు గారు చీటీ రాయబోయి కలానికి మూత పెడతారు. అలకకి ఆయన దగ్గర మందు లేదు.

నా గడ్డని నేను వేలితో కదుపుతాను. రొమ్ము కదులుతుంది, గడ్డ కదలదు. గిన్నెలో పాలు ఊగినా అడుగు ఊగనట్టు.

"పిన్నీ, నీ మీదే చూపించు."

"నోర్ముయ్యవే. మగ డాక్టరు."

అది విని డాక్టరు గారు తన కళ్లు రెండూ తీసి బల్ల మీద పెట్టి, వాటిపై రుమాలు కప్పుతారు. "ఇప్పుడు చూపించమ్మా."

పిన్ని రవిక విప్పి కొక్కేనికి తగిలిస్తుంది. రొమ్ము కూడా రవికతో పాటే వెళ్లి, అక్కడ బుద్ధిగా వేలాడుతుంది. గడ్డ మాత్రం నన్ను వదిలి వచ్చి పిన్ని దగ్గరే ఉండిపోతుంది.

డాక్టరు గారి వేళ్లు దాని చుట్టూ నెమ్మదిగా తిరిగి ఆగుతాయి. "ఇది రొమ్ముది కాదు. పక్కటెముకది. ఇలాంటిది పుస్తకంలో చదవడమే."

పిన్నికి తీసిన ఎక్స్‌రే ఫిల్ము గోడంత పెరుగుతుంది. మేం అందులోకి నడుస్తాం. డాక్టరు గారు కళ్లు మళ్లీ పెట్టుకుని, చెప్పులు బయటే విడుస్తారు. పైన పిన్ని పక్కటెముకలు ఇంటి వాసాల్లా తెల్లగా వంగి ఉన్నాయి. ఒక వాసానికి బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. ముగ్గురం తలెత్తి నిలబడతాం. పాప కూడా తడుముకోవడం ఆపుతుంది.

"దిట్టి తగలకుండా ఎవరో కట్టారు" అంటుంది పిన్ని.

డాక్టరు గారు గుమ్మడికాయకి సూది గుచ్చి చిన్న ముక్క తీసి, వేళ్ల మధ్య నలిపి చూస్తారు. "ఎముకే. ఇంకా లేతగానే ఉంది. ఈ ఒక్క వాసం తీసేస్తే చాలు. రొమ్ము జోలికి పోను."

వాసం దిగుతుంది. రొమ్ము కొక్కెం మీంచి దిగి తన చోటికి తానే వస్తుంది. పాప నోరు దాన్ని అందుకుంటుంది.

వాసం పోయిన సందులోంచి నేను లోపలికి తొంగి చూస్తాను. లోపల మా ఊరి ఆడవాళ్లంతా చేతి నుంచి చేతికి తాటాకులు అందించుకుంటున్నారు. సందు కప్పుతున్నారు. వాళ్ల మధ్య ఇంకో నాంచారి పిన్ని, పైట లేకుండా, తీరిగ్గా కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వి, తన గుండెల మీద తన వేలే పెట్టుకుంటుంది.

"ఇదిగో, ఇక్కడ" అంటుంది.

ఆఖరి తాటాకు నా చేతికి వస్తుంది.