మా ఆయన దగ్గరే ఆగింది

ఆ బీమా కంపెనీలో పని తీరు కొత్తగా మారింది. రోజూ పొద్దున్నే అందరూ బోర్డు ముందు నిలబడి, తమ పని ఎక్కడ ఆగిందో చెప్పాలి. ఆపిన మనిషి పేరు కూడా చెప్పి తీరాలన్నది మేనేజరు షరతు.

ఆ రోజు వంతు, అక్కడే పనిచేసే ఒక కొత్త పెళ్లికూతురికి వచ్చింది. నాలుగు పేజీల క్లెయిము ఫారాన్ని ఆమె ఒక్క పేజీకి కుదించింది. సాయంత్రంలోగా అది కొందరు కస్టమర్ల చేతికి పరీక్షగా వెళ్లకపోతే, ఆమె ఆలోచన అటకెక్కినట్టే. పై అంతస్తులో కంపెనీ లాయరుగా ఉన్న ఆమె భర్త దాని మీద ఇంకా సంతకం పెట్టలేదు.

"ఎవరి దగ్గర ఆగిందమ్మా?" అన్నాడు మేనేజరు.

"మా ఆయన దగ్గరేనండీ."

"అడ్డంకిని ఇంట్లో పెట్టుకుని మమ్మల్ని నిలబెట్టావటే?" అంది పక్క సీటు అక్క. అందరూ నవ్వారు.

మేనేజరు మాత్రం, "ఇక కాగితాన్ని పైకి పంపొద్దు, మనిషినే కిందికి పిలవండి" అన్నాడు.

భర్త దిగివచ్చి, ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నామినీ చిన్నపిల్లలైతే డబ్బు ఎవరికివ్వాలో ఇందులో లేదు. అందుకే ఆపాను."

ఆమె ఆ సంగతి చెప్పే వాక్యాన్ని అక్కడికక్కడే చేర్చింది. సంతకం పడింది.

"ఈ ముక్క ఇంట్లో చెప్పొచ్చుగా?" అంది గొంతు తగ్గించి.

"ఆఫీసు మాటలు గుమ్మం దాటి లోపలికి రాకూడదని ఒట్టు వేయించుకున్నదెవరు?"

ఆమెకు నవ్వాగలేదు. ఫారం పరీక్షకు వెళ్లిపోయింది, ఆయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకేమైనా ఆగాయా?"

ఆమె కావాలనే వెతికి మరో కాగితం తీసింది.