బండికి నూట పద్దెనిమిది జ్వరం

నన్ను అనుమానపు మనిషి అంటారు. అననీండి. ఇరవై రెండేళ్లు కొల్లేటి చేపలు లారీల్లో కలకత్తా పంపినవాణ్ణి నేను. ఐసు ఫ్యాక్టరీవాడు దిమ్మ మధ్యలో బోలు వదిలేస్తాడు. కాటావాడు తెలియనట్టు వేలు ఆనిస్తాడు. మొప్పలకు ఎర్రరంగు పూసి, నిన్నటి చేపను ఇప్పుడే నీళ్లలోంచి తీశామని ఒట్టేసినవాళ్లను కళ్లారా చూశాను. ఆ వ్యాపారంలో అనుమానం లేనివాడు ఆర్నెల్లు నిలబడడు. జీవరత్నానికి నేను చేసింది వింటే మీరెలాగూ తిడతారు. తిట్టే ముందు నా బతుకు కూడా కాస్త లెక్కలోకి తీసుకుంటారని ఇది చెబుతున్నాను.

జీవరత్నం నా డ్రైవరు. కొండపల్లి మనిషి. పద్నాలుగేళ్లు నా చేపల లారీ తోలాడు. ఒకసారి బరంపురం దగ్గర గాలివానలో చిక్కుకుని రెండు రాత్రులు నిద్ర లేకుండా లారీలోనే కూర్చున్నాడే గాని, సరుకు వదిలి వెళ్లలేదు. అలాంటివాడు.

రెండు వేల ఒకటిలో చేపల పని మానుకుని, మద్రాసులో ఒక సినిమా కంపెనీవాళ్లు వదిలించుకుంటున్న బండి కొన్నాను. దాన్ని బస్సు అనలేం, వ్యాను అనలేం. చక్రాల మీద ఇల్లు అది. రెండు పరుపులు, ఓ మూల వంటకి చోటు, బాత్రూము, పైకప్పు మీద విదేశీ ఏసీ. పెళ్లిళ్లకూ తీర్థాలకూ అద్దెకిస్తామని విజయవాడలో బోర్డు పెట్టేసరికి జనం ఎగబడ్డారు. దాన్ని తోలడానికి జీవరత్నాన్ని తప్ప ఇంకెవరినీ నేను అనుకోలేదు.

లోపల గోడకి అరచెయ్యంత డబ్బా ఉండేది. థర్మోస్టాట్. ఎంత చల్లదనం కావాలో దాంట్లో పెడితే ఏసీ ఆ మేరకు నడుచుకుంటుంది. పక్కన మీట నొక్కితే బయట వేడి ఎంతుందో కూడా చూపిస్తుంది. ఆ బయటి సంగతి కనిపెట్టడానికి బండి అడుగున, ముందు చక్రం వెనకాల, చిటికెనవేలంత సెన్సరు వేలాడుతూ ఉంటుంది. అది దేనికో మద్రాసు బ్రోకరు చెప్పాడు. దానికీ ఏసీకీ ఉన్న సంబంధం మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.

మరుసటి ఏడు మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ మీట నొక్కాను. నూట పద్దెనిమిది అని చూపించింది. పేపర్లో ఎండ నలభై ఐదు, నలభై ఆరు అని వేస్తారు. మనిషికి నూట నాలుగు వస్తేనే పలవరిస్తాడు. నూట పద్దెనిమిది ఎండ కాదు, ఆ చిన్న సెన్సరుకు వచ్చిన జ్వరమని నాకు నేనే తేల్చుకున్నాను. అది మాడిపోతే ఏసీ మొత్తం పోతుందని భయపడ్డాను.

వేడి అనగానే చేపల మనిషి చెయ్యి దేని మీదికి పోతుందో వేరే చెప్పాలా. గోనెపట్టా ముక్క దాని చుట్టూ చుట్టి, నలగ్గొట్టిన ఐసు కూరి, పురికొసతో బిగించి కట్టాను. చేపకు కూడా ముందు మొప్పల దగ్గరే కదా కూరతాం. అప్పట్నుంచీ నేను వెంట వెళ్లిన ప్రతి ట్రిప్పులో ఐసు పెట్టె నా సీటు కిందే ఉండేది. బండి ఆగిన చోటల్లా దిగి ఐసు మార్చేవాణ్ణి.

మొదటి రోజే జీవరత్నం అడిగాడు. "దానికి ఐసెందుకండీ? వాళ్లు పెట్టింది పెట్టినట్టే ఉంచుదామండీ."

"ఐసు సంగతి నాకే నేర్పుతున్నావా? నీ స్టీరింగు నువ్వు చూసుకో" అన్నాను. అతను మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ తర్వాతే ఏసీ ఆగిపోవడం మొదలైంది. ద్వారకా తిరుమల వెళ్లేటప్పుడు ఒకసారి. భద్రాచలం దారిలో రెండుసార్లు. గంటో గంటన్నరో ఆగడం, తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్లీ నడవడం. ఆటోనగర్‌లో దుర్గాప్రసాద్ అని ఏసీ మెకానిక్ ఉన్నాడు. అతని షెడ్డులో రోజంతా పెట్టాం. ఒక్క నిమిషం కూడా ఆగలేదు. "మిషన్‌లో ఏ లోపమూ లేదండీ" అన్నాడు. లోపం మిషన్‌లో లేకపోతే మనిషిలో ఉండాలి. నా బుర్ర అలాగే పనిచేస్తుంది, ఏం చెయ్యను.

ఆ సాయంత్రం జీవరత్నాన్ని నిలదీశాను. "నేను రాని ట్రిప్పుల్లో కూడా ఆగుతోందా?"

"లేదండీ. మీరు రానప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదండీ. మీరు వస్తేనే ఆగుతోంది. ఎందుకో నాకూ బోధపడట్లేదు."

నా ఒళ్లు మండింది. నన్ను బండి ఎక్కవద్దని ఎంత తెలివిగా చెబుతున్నాడో చూడండి అనుకున్నాను. గవర్నర్‌పేటలో ఒక ట్రావెల్సు ఓనరు నా బండి మీద ఎప్పట్నుంచో కన్నేశాడు. వాడు జీవరత్నంతో టీకొట్టు దగ్గర మాట్లాడుతుండగా నేను రెండుసార్లు చూశాను. నా బండికి చెడ్డపేరు తెస్తే నేను విసిగిపోయి అమ్మేస్తాను, వాడు కొంటాడు, వీడు అక్కడ చేరతాడు. నాకు కథంతా అర్థమైపోయింది. అప్పట్నుంచి అతను దగ్గినా నాకు అనుమానమే. సీటు కింద చెయ్యి పెడితే అనుమానం, సంచి మూతి ముడేస్తే అనుమానం. ఇంతకాలం పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి చేతుల వంక దొంగచూపులు చూడటం మొదలుపెట్టాను.

మే నెలాఖర్లో మంగళగిరి బట్టల వ్యాపారి సాంబమూర్తి గారు బండి మాట్లాడుకున్నారు. బందరులో వాళ్ల మేనల్లుడి పెళ్లి. తల్లి చౌడేశ్వరమ్మ గారికి గుండె ఆపరేషనై మూడు నెలలు కూడా కాలేదు. "అమ్మకి వేడి తగలకూడదన్నారు డాక్టరు గారు. మీ బండి చల్లగా ఉంటుందనే తీసుకెళ్తున్నానండీ" అన్నారాయన. ఈసారి ఏం జరుగుతుందో చూద్దామని నేను కూడా ఎక్కాను.

ఉయ్యూరులో టీకి ఆగాం. నేను ఎప్పటిలాగే కిందికి వంగి ఐసు మార్చాను. తల ఎత్తి చూస్తే జీవరత్నం ఎస్టీడీ బూత్‌లో ఫోన్ మాట్లాడుతున్నాడు. నన్ను చూసి గబగబా పెట్టేశాడు. ఎవరికని అడిగితే, "ఏం లేదండీ, చిన్న పని" అన్నాడు.

ఉయ్యూరు దాటి పావుగంట కాలేదు, ఏసీ ఆగిపోయింది.

కిటికీలు తీస్తే కొలిమిగాలి. చౌడేశ్వరమ్మ గారి పెదాలు పాలిపోయాయి. సాంబమూర్తి గారు నా మీద విరుచుకుపడ్డారు. జీవరత్నం బండిని రోడ్డు పక్క తుమ్మచెట్ల నీడకు తెచ్చి, డ్రైవరు సీటు వెనకున్న తన సంచిలోంచి తాటాకు విసనకర్ర తీసి, పరుగున వెళ్లి ఆవిడ పక్కన కింద కూర్చుని విసరడం మొదలుపెట్టాడు. తడిగుడ్డతో ముఖం తుడిచాడు. కాసేపటికి ఆవిడ కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగారు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం ఆ విసనకర్ర వంకే చూస్తున్నాను. ఏసీ బండి తోలేవాడికి విసనకర్రతో ఏం పని? ఏసీ ఆగుతుందని వీడికి ముందే తెలుసు. తెలుసు గనకే తెచ్చుకున్నాడు.

"కిందికి దిగు" అన్నాను.

సంచి లాక్కుని సాంబమూర్తి గారి ఎదుటే రోడ్డు మీద గుమ్మరించాను. ఏసీ ఫ్యూజు ఏదో పీకి దాచి ఉంటాడని నా నమ్మకం. టిఫిను క్యారేజీ దొర్లి మూత ఊడింది. పప్పన్నం మట్టిలో పడింది. తువ్వాలు, దువ్వెన, ఒక చొక్కా. ఇంకేం లేవు. జేబులు కూడా చూపించమన్నాను. చూపించాడు.

"ఫోన్ ఎవరికి చేశావు? ఆ గవర్నర్‌పేటవాడికేనా? నా అన్నం తిని నాకే ద్రోహం చేస్తావా? తాళాలు ఇటివ్వు."

తాళాలు నా చేతిలో పెట్టాడు. కింద పడ్డవి ఒక్కొక్కటే ఏరుకున్నాడు. విసనకర్ర మాత్రం లోపలున్న పెద్దావిడ చేతిలోనే ఉండిపోయింది. "నేనేం చెయ్యలేదండీ కాశీరావు గారూ" అని ఒక్కమాట అని, విజయవాడ బస్సు కోసం రోడ్డు అవతల నిలబడ్డాడు.

బండి నేనే తోలాను. ఆ కోపంలో ఐసు సంగతే మర్చిపోయాను. పామర్రు చేరకముందే ఏసీ నడిచింది, బందరు దాకా మళ్లీ ఆగలేదు. దొంగ దిగిపోయాడు, బండి బాగుపడిందని అక్కడి పెళ్లిలో నలుగురికీ చెప్పుకున్నాను. మర్నాడు పొద్దున తిరిగొచ్చి మంగళగిరిలో దిగేటప్పుడు చౌడేశ్వరమ్మ గారు విసనకర్ర నా చేతిలో పెట్టి, "అతనిది, జాగ్రత్తగా ఇచ్చేయి బాబూ" అన్నారు. దాన్ని సీటు వెనక పడేశాను.

పదిహేను రోజుల తర్వాత కొత్త డ్రైవరుతో బయల్దేరాను. హనుమాన్ జంక్షన్‌లో ఆగి ఐసు మార్చాను. పావుగంటకు ఏసీ ఆగిపోయింది. ఈసారి తిట్టడానికి జీవరత్నం లేడు. ప్రయాణికులను వేరే కారెక్కించి బండిని నేరుగా ఆటోనగర్ తీసుకెళ్లాను.

దుర్గాప్రసాద్ బండి కిందికి దూరి, నీళ్లు కారుతున్న గోనెపట్టా మూట పట్టుకుని బయటికొచ్చాడు. "ఇదెవరు కట్టారండీ?"

"నేనే. దానికి నూట పద్దెనిమిది వచ్చింది" అన్నాను.

అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "అది విదేశీ లెక్కండీ. జ్వరం చూసే లెక్కలోనే ఎండనీ కొలుస్తారు. మన నలభై ఎనిమిదికి వాళ్ల నూట పద్దెనిమిది. కాలే రోడ్డు మీద అంత ఉండాల్సిందే. బయట బాగా చలిగా ఉంటే ఏసీ పాడవకుండా ఈ సెన్సరే దాన్ని ఆపేస్తుంది. మీరు దానికి ఐసు పెట్టారు. అది మంచు పడుతోందనుకుంది. ఐసు కరిగాక మళ్లీ నడిచేది. ఆవేళ నా షెడ్డులో ఐసు మార్చలేదు కాబట్టే ఆగలేదు, నేనూ పైకప్పు మీది మిషనే చూశాను గాని కిందికి దూరలేదు."

అక్కడే టైరు మీద కూర్చున్నాను. మీరు వస్తేనే ఆగుతోందండీ అని జీవరత్నం ఉన్నమాటే చెప్పాడు. ఐసు ఎందుకండీ అని మొదటిరోజే అడిగాడు.

దుర్గాప్రసాద్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "జీవరత్నం ఆవేళ ఉయ్యూరు నుంచి నాకు ఫోన్ చేశాడండీ. పెద్దావిడ ఉన్నారు, ఏసీ ఆగితే ఏం చెయ్యాలని అడిగాడు. మీకు చెబితే కోప్పడతారని అన్నాడు."

మర్నాడు విసనకర్ర తీసుకుని కొండపల్లి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు. జీవరత్నం అరుగు మీద కూర్చుని చెప్పులు కుట్టుకుంటున్నాడు. లేచి నిలబడి కుర్చీ వేశాడు. అతని భార్య తెరేసమ్మ మంచినీళ్లు తెచ్చింది. చెమటతో నా చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఆమె నా చేతిలోని విసనకర్ర అందుకుని నాకే విసరడం మొదలుపెట్టింది.

"ఇది మాదేనండీ అన్నయ్య గారూ. ఏసీ మళ్లీ ఆగితే పెద్దవాళ్లెవరైనా ఇబ్బంది పడతారని నేనే ఈయన సంచిలో పెట్టాను" అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. జరిగిందంతా చెప్పాను. ఐసు నాదే, తప్పు నాదే అన్నాను. సాంబమూర్తి గారింటికి వెళ్లి అందరి ముందూ చెబుతాను, తిరిగి రమ్మన్నాను.

జీవరత్నం అంతా విన్నాడు. "పెద్దావిడ ఎలా ఉన్నారండీ?" అని అడిగాడు.

మంగళగిరిలో దింపాక ఆవిడ ఎలా ఉన్నారో నేను ఒక్కసారి కూడా కనుక్కోలేదు. తెలియదన్నాను.

"వెళ్లినప్పుడు కనుక్కోండి. నా సంగతి వాళ్లకు చెప్పండి, చెప్పాలి కూడా. నేను మాత్రం రాలేనండీ. ఇక్కడ కరెంటు ఫ్యాక్టరీ బస్సు తోలడానికి ఒప్పుకున్నాను. సోమవారం నుంచి డ్యూటీ."

బతిమాలాను. అతను తల అడ్డంగా ఊపాడు. కోపంగా కూడా లేడు, అదే నాకు మరీ కష్టమైంది. నేను లేవబోతుంటే తెరేసమ్మ చేతిలోంచి విసనకర్ర తీసుకుని మళ్లీ నాకే ఇచ్చాడు.

"బండిలో ఉంచండి, పనికొస్తుంది. ఒక్కమాటండీ. కొత్త డ్రైవరు సంచిలో మీకు తెలియనిదేదైనా కనపడితే, ఎందుకు తెచ్చావని ముందు అడగండి. నన్ను మీరు అడగలేదు."

మంగళగిరి వెళ్లాను, చెప్పాను, చౌడేశ్వరమ్మ గారి చేత చీవాట్లు తిన్నాను. విసనకర్రను థర్మోస్టాట్ పక్కనే మేకుకి తగిలించాను. రెండేళ్లయింది. ఏసీ బండిలో ఇదెందుకండీ అని ఎక్కిన ప్రతివాళ్లూ అడుగుతారు. ఆ రోజు అడగనివాణ్ణి నేనొక్కణ్ణే.